నీలం రంగు అయిపోయిన పార్కు

ముప్ఫై ఒక్క ఏళ్ళపాటు నేను చెట్లకు రంగులు వేశాను. నిజం చెట్లకు కాదు, కాగితం మీది చెట్లకు. మా పట్టణాభివృద్ధి సంస్థలో నా ఉద్యోగం డ్రాఫ్ట్స్‌మన్. ఇంజనీర్లు పార్కులకు కొలతలు ఇస్తే నేను ప్లాను గీసి, గడ్డికి ఆకుపచ్చ, నీళ్ళకు నీలం, కాలిబాటకు ఇటుక రంగు పెన్సిళ్ళతో అద్దేవాణ్ణి. నా పేరు విశ్వపతి. ఆఫీసులో మాత్రం అందరూ రంగుల పంతులు అనేవారు. వెక్కిరింతో గౌరవమో నేనెప్పుడూ కనుక్కోలేదు.

నా రిటైర్మెంటు ఇంకా ఏడాది ఉందనగా పైనుంచి సర్క్యులరు వచ్చింది. అందులో రెండే ముక్కలు. ఒకటి, ఇకమీదట పార్కు ప్లానులకు ఎవరూ చేత్తో రంగు వేయరాదు, సాఫ్ట్‌వేరుతోనే వేయాలి. రెండు, ఆమోదం పొందిన ప్లానుకూ పార్కుకూ మధ్య ఏ తేడా కనబడినా ఆ తేడా పార్కుదిగానే భావించబడుతుంది.

రెండో ముక్క చదివి నేను నవ్వాను. మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు త్రినాథ పట్నాయక్ గారు నవ్వలేదు. ఆయన సర్క్యులర్లను చదివేటప్పుడు కుర్చీలోంచి సగం లేచి నిలబడే మనిషి.

"విశ్వపతి గారూ, మీ దగ్గరున్న పెన్సిళ్ళన్నీ స్టోర్సుకు అప్పగించి రసీదు తీసుకోండి. రేపట్నుంచి మీరు కూడా డిజిటల్" అన్నారు.

పెన్సిళ్ళు పట్టుకెళ్ళి ఇచ్చాను. స్టోర్సు రిజిస్టరులో పెన్సిలు పొడవుకు ఒక గడి ఉంది. మూడంగుళాలకు తగ్గినదాన్ని ఆ గడిలో రాయడానికి వీల్లేదట. నా నీలం పెన్సిలు చెక్కి చెక్కి రెండంగుళాలకు వచ్చింది. కాబట్టి ప్రభుత్వం దృష్టిలో అది పెన్సిలు కాదు. దాన్ని చొక్కా జేబులో వేసుకుని బయటికి వచ్చాను. చెప్పొద్దూ, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మూడు రోజులు ట్రైనింగు ఇచ్చారు. సాఫ్ట్‌వేరు మంచిదే, దాన్ననడానికేమీ లేదు. గడ్డిమీద ఒక నొక్కు నొక్కితే ఎకరం గడ్డి ఆకుపచ్చగా మారిపోతుంది. నాకు అదే పని రెండు రోజులు పట్టేది. చెట్లు గీయక్కర్లేదు, రెడీగా ఉంటాయి, తెచ్చి పెట్టుకోవడమే. మనుషులూ రెడీగానే ఉంటారు. ఎర్ర గొడుగు పట్టుకున్న ఆడమనిషి, సైకిలు తొక్కే మగమనిషి, తెల్ల కుక్క. వీళ్ళకీ చెట్లకీ నీడలు కూడా అదే వేస్తుంది. నీడలన్నీ బుద్ధిగా కుడివైపు కిందకే పడతాయి, ఎటు తిప్పినా మారవు. ఎలా మార్చాలో నాలుగో రోజు ట్రైనింగులో చెబుతామన్నారు. నాలుగో రోజుకు నిధులు రాలేదు.

మొట్టమొదట నాకు అప్పగించింది పూలబావి కాలనీ పార్కు. అది కొత్తగా కట్టబోయే పార్కు కాదు, పదిహేడేళ్ళుగా ఉన్నదే. రంగుల ప్లాను లేని పార్కులకు రికార్డుల్లో స్థానం ఉండదు కాబట్టి ఉన్న పార్కుకే ప్లాను తయారు చేయాలన్నారు. ఆ పార్కంటే తోటమాలి అసిరయ్యే. పదిహేడేళ్ళ క్రితం అక్కడ రాళ్ళూ ముళ్ళూ తప్ప ఏమీ ఉండేవి కావు. రోజుకూలీగా చేరి, గడ్డి దుబ్బు దుబ్బుగా తెచ్చి, వేళ్ళతో మట్టి గుచ్చి నాటాడు. ఇన్నేళ్ళూ రోజుకూలీగానే ఉన్నాడు. పర్మనెంటు చేసే ఫైలు ఎట్టకేలకు ఆ ఏడాదే ఆఖరి బల్ల మీదికి వచ్చింది. ఒక్క కాగితం తక్కువైంది. దాని పేరు వర్ణ సారూప్య ధ్రువపత్రం. అంటే, పార్కు రంగు ప్లాను రంగుతో సరిపోయిందని కమిటీ వచ్చి చూసి రాసివ్వాలి. సరిపోతే పర్మనెంటు, సరిపోకపోతే ఇంటికి.

"మీరేసే రంగే గదా బాబూ, మీ సేతిలో పనే" అని అసిరయ్య నిశ్చింతగా నవ్వాడు.

నేనూ అలాగే అనుకున్నాను. కంప్యూటరు తెరమీద ప్లాను బ్రహ్మాండంగా వచ్చింది. గడ్డి ఆకుపచ్చ, కొలను నీలం, కొలను పక్కన గొడుగావిడ. బోర్డు మీటింగు పొద్దున ప్రింటు కొట్టాను. దినపత్రిక పరిచినంత కాగితం బయటికి వచ్చింది. గడ్డి పసుపు రంగులో ఉంది. కొలను గులాబీ రంగులో ఉంది.

ప్రింటరు మూత తీసి చూశాను. నీలం డబ్బా ఖాళీ. నీలం, పసుపు కలిస్తేనే కదా ఆకుపచ్చ అయ్యేది! కొలను నీలంలో ప్రింటరు కాస్త గులాబీ కూడా కలుపుతుంది. నీలం లేక గడ్డి పసుపుగా, కొలను గులాబీగా మిగిలాయి. పరుగెత్తుకెళ్ళి పట్నాయక్ గారికి చెప్పాను.

"నీలం అయిపోయిందండీ."

"ఇండెంటు పెట్టారా?"

"మూడు వారాలైందండీ."

"ఇండెంటు పెండింగులో ఉన్నంతకాలం స్టోర్సు లెక్క ప్రకారం నీలం ఉన్నట్టే. ఉన్నదాన్ని లేదని నేను నోట్ చేయలేను. పదండి, టైమైంది."

మీటింగులో వైస్ చైర్మన్ గారు ప్లానును చాలాసేపు చూశారు. గడ్డి పసుపుగా ఉండదన్న సంగతి ఆ గదిలో పద్నాలుగుమందికీ తెలుసు. అయితే సాఫ్ట్‌వేరుకు తెలియనిది తమకు తెలుసని చెప్పడానికి పద్నాలుగుమందికీ ధైర్యం చాలలేదు.

"ఈ పసుపు..." అన్నారు వైస్ చైర్మన్ గారు చివరికి.

పట్నాయక్ గారు సగం లేచారు. "సార్, ఇది ఆత్మవిశ్వాసం ఉన్న పసుపు. రొటీన్ ఆకుపచ్చనుంచి పౌరుణ్ణి విముక్తం చేసే దృక్పథం. గులాబీ జలాశయం విషయానికొస్తే, అది శుభసూచకం సార్."

"వేసిన వ్యక్తి ఏమంటారు?" అని వైస్ చైర్మన్ గారు నా వైపు తిరిగారు.

నాకు పింఛను కాగితాలు గుర్తొచ్చాయి. "బాగా వచ్చిందండీ" అన్నాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

చప్పట్లు కొట్టారు. పట్నాయక్ గారు పసుపు గడ్డి మీద, ఎవరూ చెరపడానికి వీల్లేకుండా, సంతకం పెట్టారు.

మర్నాడే పార్కులో అమలు మొదలైంది. పట్నాయక్ గారు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి అసిరయ్యను పిలిచారు.

"అసిరయ్యా, ఈ గడ్డి అనధికార వర్ణంలో ఉంది. మే నెలాఖరు కల్లా పసుపు రావాలి."

"గడ్డి గదండి బాబూ! దానికి నాను రంగెలా మారుత్తాను?"

"పచ్చదనానికి మూలకారణం ఏమిటో శాఖాపరంగా విచారించాం. నీళ్ళు."

ఆ మధ్యాహ్నమే కుళాయి తిప్పే పిడి పీకి ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశారు. అసిరయ్య నా వైపు చూశాడు. నేను చెప్పులు చూసుకున్నాను.

గడ్డి చావడానికి రెండున్నర నెలలు పట్టింది. దానికి మా రూల్సు తెలియవు కదా, మొండిగా బతికింది. అసిరయ్య పొద్దున్నే వచ్చి గట్టుమీద కూర్చుని ఎండుతున్న గడ్డినే చూసేవాడు. వారానికోసారి పట్నాయక్ గారు పెయింటు షాపు రంగుల కార్డుతో వచ్చి, వంగి గడ్డిపరక పక్కన పెట్టి, "ఇంకా పదిహేను శాతం ఆకుపచ్చ మిగిలుంది. నిర్లక్ష్యం!" అని రాసుకునేవారు. ఒకసారి మంచు పడి కొంచెం మేర గడ్డి తేరుకుంటే అసిరయ్యకు మెమో ఇచ్చారు. 'పచ్చదనాన్ని ప్రోత్సహించినందుకు మీపై ఎందుకు చర్య తీసుకోరాదు' అని అందులో ఉంది. దాన్ని నేనే చదివి వినిపించాల్సి వచ్చింది.

కొలనుకు బీట్‌రూట్ వాడారు. మూడు బస్తాలు ఉడకబెట్టి పోశారు. రంగు బాగానే పట్టింది. అందులో దిగిన బాతులకూ పట్టింది. కాలనీలో చాకిరేవు పెట్టినంత గొడవయింది. కొలనులో ఆడిన పిల్లల నిక్కర్లన్నీ గులాబీ రంగుకు తిరిగాయి. కాలనీ సంఘం వాళ్ళు ఫిర్యాదు చేస్తే, నిక్కర్లు ప్లాను పరిధిలోకి రావని జవాబు వెళ్ళింది.

తర్వాత మనుషులు. ప్లానులో ఉన్న ప్రతిదీ పార్కులో శాశ్వతంగా ఉండి తీరాలని కమిటీ చెక్‌లిస్టులో తొమ్మిదో అంశం. గొడుగు ఆవిడగా సీనియర్ అసిస్టెంటు రత్నమాణిక్యం గారిని డెప్యుటేషన్ మీద వేశారు. ఆవిడ ఎర్ర గొడుగు, ఫైళ్ళు, క్యారేజీ పట్టుకుని పొద్దున పదింటికి కొలను పక్కకు వచ్చేవారు. సాయంత్రం ఐదున్నరకు సంతకం పెట్టి డ్యూటీ దిగేవారు.

"ఎండలో ఎలా ఉంటున్నారమ్మా?" అని అడిగాను.

"ఆఫీసులో ఫ్యాను కంటే ఇదే నయం పంతులు గారూ. గాలేస్తోంది" అన్నారావిడ, గొడుగు కింద చిక్కుళ్ళు ఒలుచుకుంటూ.

సైకిలు మనిషిగా రికార్డు అసిస్టెంటును పెట్టారు. ప్లానులో అతను కదలడు కాబట్టి ఇతనూ కదలకూడదు. సైకిలుకు స్టాండు వేసుకుని పెడళ్ళమీద కాళ్ళు పెట్టి కూర్చునేవాడు. వీధికుక్క ఒకదానికి రోజూ స్నానం చేయించి సున్నంలాంటి తెల్లపొడి చల్లారు. ప్లానులో లేనివాళ్ళు తనిఖీ సమయంలో పార్కులో కనబడకూడదన్నది పదో అంశం. దాని ప్రకారం, అసిరయ్య ఆ రోజున రేకుల షెడ్డులో దాక్కోవాలి.

ఇక మిగిలింది నీడలు. ప్లానులో నీడలన్నీ ఆగ్నేయానికి పడుతున్నాయి. అంటే సూర్యుడు వాయవ్యంలో ఉండాలి. "మన ఊళ్ళో సూర్యుడు అటునుంచి ఎప్పుడు కాస్తాడో నివేదిక ఇవ్వండి" అని పట్నాయక్ గారు నాకు మూడు రోజులు టైమిచ్చారు. నేను వెళ్ళి అసిరయ్యను అడిగాను.

"మృగశిర కార్తెలో, సాయంత్రం ఐదింటికి బాబూ. అప్పుడైతే నీడ ఇటుకేసి పడతాది. అయితే ఒకటి. అప్పటికి వోనలు దిగిపోతాయి. ఒక్క వోన పడితే సాలు, గడ్డి నెగిసిపోద్ది. అప్పుడు నా గతేటి?"

ఈ రెండూ నివేదికలో రాశాను. మొదటిది ఆమోదించారు. రెండోది సబ్జెక్టుకు సంబంధించింది కాదని కొట్టేశారు. తనిఖీ జూన్ పన్నెండున, సాయంత్రం ఐదు గంటల పది నిమిషాలకు ఖాయమైంది.

జూన్ ఐదున వాన పడింది. ఆరునా పడింది. వరసగా వారం పడింది. పన్నెండో తారీకు మధ్యాహ్నం నేను పార్కుకు వెళ్ళేసరికి ఎకరం మేరా గడ్డి ఆకుపచ్చగా తళతళలాడుతోంది. నా కళ్ళకు అంత అందమైన గడ్డి ఎప్పుడూ కనబడలేదు. పట్నాయక్ గారు దాని మధ్యలో గొడుగు కింద నిలబడి, ప్రళయం చూస్తున్నట్టు చూస్తున్నారు.

"విశ్వాసఘాతుకం!" అన్నారు.

"వాన కదండీ" అన్నాను.

"వానకు మెమో ఇవ్వలేం కదా? ఎవరో ఒకరు బాధ్యత వహించాలి. అసిరయ్య తొలగింపు ఉత్తర్వు టైపు చేయించి ఉంచాను. కమిటీ తేడా అని రాయగానే డేటు వేయడమే."

ఇక నాకు ఆగలేదు. "అయ్యా, తప్పు నాది. నీలం డబ్బా ఖాళీ అని మీటింగులో చెప్పాల్సింది, చెప్పలేదు. గడ్డి ఉండాల్సిన రంగులోనే ఉంది. తప్పు ప్లానుది" అన్నాను.

పట్నాయక్ గారు నావైపు జాలిగా చూశారు. "విశ్వపతి గారూ, ప్లానుమీద నా సంతకం ఉంది. నా సంతకం ఉన్న ప్లానులో తప్పుండదు. వెళ్ళి దాన్ని తడవకుండా షెడ్డులో జాగ్రత్త చేయండి. కమిటీ రాగానే పట్టుకురండి."

షెడ్డులోకి వెళ్ళాను. పదో అంశం ప్రకారం అసిరయ్య అప్పటికే అక్కడ దాక్కుని ఉన్నాడు, బోర్లించిన బాల్చీ మీద.

"అయిపోనాది బాబూ. పదిహేడేల్లు పెంచినాను. ఎండబెట్టమంటే ఎండబెట్టినాను. అదే తిరిగి లేసింది. దాన్ని తిట్టనేను గదా. నాను నాటిందే గదా అది" అన్నాడు.

నేను ప్లాను బల్లమీద పరిచాను. పసుపు గడ్డి నన్ను చూసి పళ్ళికిలించింది. జేబులో పెన్ను కోసం చెయ్యి పెడితే వేళ్ళకు రెండంగుళాల ముక్క తగిలింది.

పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ. ప్రింటరు మరిచిపోయినా నా చెయ్యి మరిచిపోలేదు.

"అసిరయ్యా, తలుపు దగ్గరికి వెయ్యి" అన్నాను.

గంటన్నర. పెన్సిలు పడుకోబెట్టి, మెత్తగా, ముప్ఫై ఒక్క ఏళ్ళ పనినంతా ఆ కాగితం మీద చూపించాను. పసుపు మీద నీలం పాకినకొద్దీ గడ్డి మొలుచుకొచ్చింది. అసిరయ్య నోరు తెరిచి చూస్తూ నిలబడ్డాడు. కొలను గులాబీ మీద కూడా రాశాను, వంకాయ రంగు వచ్చింది. కిటికీలోంచి చూస్తే బయట కొలను కూడా బీట్‌రూటూ బురదా వానా కలిసి అచ్చం వంకాయ రంగులోనే ఉంది.

పెన్సిలు గోరంత మిగిలింది. అంతా సరిపోయింది. అప్పుడు బాల్చీ పక్కన నిలబడ్డ అసిరయ్యను చూశాను. ప్లానులో గొడుగావిడ ఉంది, కుక్క ఉంది. ఈ గడ్డి నాటినవాడు మాత్రం లేడు, అందుకే షెడ్డులో ఉన్నాడు. నాకు తొమ్మిదో అంశం గుర్తొచ్చింది. పెన్ను తీసి, గడ్డి అంచున, తలకు తువ్వాలు చుట్టుకుని చేతిలో నీళ్ళ గొట్టం పట్టుకున్న మనిషిని గీశాను. నీడ కూడా వేశాను, ఆగ్నేయానికే.

"ఇది నువ్వు. వెళ్ళి సరిగ్గా ఇక్కడ నిలబడు. గొట్టం పట్టుకుని కదలకు" అన్నాను.

ఐదూ ఎనిమిదికి మబ్బు విడింది. ఐదూ పదికి కమిటీ వచ్చింది. అధ్యక్షులవారి మెళ్ళో భూతద్దం వేలాడుతోంది. నేను ప్లాను విప్పి పట్టుకున్నాను. పట్నాయక్ గారు దాన్ని చూశారు. ఆయన మొహంలో పసుపు, గులాబీ, వంకాయ రంగులు వరసగా మారాయి. కళ్ళు గడ్డి మీద ఉన్న తన సంతకం మీదికి వెళ్ళాయి. అక్కడే ఆగిపోయాయి.

"గడ్డి, ఆకుపచ్చ. ప్లానులో ఆకుపచ్చ. సరి" అన్నారు అధ్యక్షులు. "బోర్డు మినిట్స్‌లో ఆత్మవిశ్వాసం గల పసుపు అని చదివాను. అదేమిటి పట్నాయక్ గారూ, ప్లానులో పొరపాటా?"

"ప్లానులో పొరపాటుండదు సార్" అన్నారు పట్నాయక్ గారు. "మినిట్స్‌లో టైపింగ్ దోషం."

"కొలను, వంకాయ రంగు. సరి. గొడుగు స్త్రీ, ఒకరు. సైకిలు పురుషుడు, ఒకరు. కుక్క..." కుక్క ఒళ్ళు దులుపుకుంది. పొడి ఎగిరి అధ్యక్షులవారికి తుమ్ము వచ్చింది. "కుక్క, సరి. గొట్టం పట్టుకున్న మనిషి, ఒకరు. ఇతను పర్మనెంటేనా?"

"కాదు సార్. రోజుకూలీ."

అధ్యక్షులు భూతద్దం దించారు. "ఇదేమిటండీ? ప్లానులో ఉన్నవన్నీ శాశ్వతంగా ఉండి తీరాలి కదా! బెంచీ శాశ్వతం, కొలను శాశ్వతం, చివరికి ఆ కుక్కకు కూడా ఉత్తర్వు ఉంది. ఈ మనిషి రేపు రాకపోతే మీ ప్లాను గతేమిటి? ఇది తీవ్రమైన తేడా."

"తేడా..." అన్నారు పట్నాయక్ గారు.

"తేడా ఎప్పుడూ పార్కుదే. పదిహేను రోజుల్లో సరిచేయండి."

పన్నెండో రోజుకే అసిరయ్యను పర్మనెంటు చేస్తూ ఉత్తర్వు వచ్చింది. నా సర్వీసులో ఒక ఫైలు గడువు కంటే ముందు కదలడం అదే మొదలు, అదే ఆఖరు. రత్నమాణిక్యం గారిక్కూడా కొలను పక్క పోస్టు శాశ్వతమైంది. ఆవిడ కుర్చీ ఒకటి శాంక్షన్ చేయమని రాశారు. ప్లానులో ఆవిడ నిలబడి ఉన్నందున తిరస్కరించారు.

ఉత్తర్వు కాగితం తీసుకుని అసిరయ్య నా బల్ల దగ్గరికి వచ్చాడు. దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు.

చివరికి, "బాబూ, ఏటనుకోకండి, ఒక్క మాట" అన్నాడు.

"చెప్పు."

"కుళాయి పిడి ఇయ్యమని పట్నాయక్ బాబునడిగినాను. పేలానులో నా సేతిలో గొట్టముంది గానీ నీల్లు నేవు, అందుకని ఇయ్యనన్నారు. గొట్టం గీసినారు, నీల్లెందుకు గీయనేదు బాబూ?"

నిజమే. గొట్టం చివర కాగితం ఖాళీగా ఉంది. మధ్యాహ్నం రికార్డు రూములోకి వెళ్ళి ప్లాను తీశాను. జేబులోంచి గోరంత నీలం ముక్కను వేలికొసల మధ్య పట్టుకుని, గొట్టం చివర మూడు గీతలు గీశాను. మూడో గీతతో పెన్సిలు పూర్తిగా అయిపోయింది.

మర్నాడు పిడి ఇచ్చేశారు. ఆ సాయంత్రం పట్నాయక్ గారు ప్లానూ భూతద్దమూ పట్టుకుని పార్కుకు వచ్చి గీతలు లెక్కపెట్టారు. గొట్టంలోంచి ఒకే ధార వస్తోంది, ప్లానులో మూడున్నాయి. గొట్టం కొసకు గట్టిగా మూత బిగించి, దానికి మూడు చిల్లులు పొడిపించి, కొలిచి సంతకం పెట్టి వెళ్ళారు. అసిరయ్య ఇప్పుడు మూడు ధారలతో నీళ్ళు పడుతున్నాడు. గడ్డికి అదే మంచిదట.